తేమ లెక్క

కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కల కుప్ప దగ్గర ధర కంటే ముందు తేమ మాట్లాడతారు. గుప్పెడు గింజలు తీసి చిన్న మిషన్ గిన్నెలో పోస్తారు, మూత బిగిస్తారు, అంకె వెలుగుతుంది. 14 లోపు చూపిస్తే రైతు ముఖం విప్పారుతుంది. 18 చూపిస్తే మళ్లీ ఆరబోత, మళ్లీ ఒక రోజు పడిగాపులు. తేమ అనే మాట ఎవరి నోటా వినపడదు, చదువు రాని ముసలాయన కూడా "మాయిశ్చర్ ఎంతొచ్చింది?" అనే అడుగుతాడు.

మా అక్క ఇల్లు ఆ యార్డుకు నడిచిపోయేంత దూరం. బావ మక్కలు, పసుపు పండిస్తాడు. కిందటేడు ఎండాకాలం సెలవుల్లో ఏడుగురం భద్రాచలం పోదామనుకున్నాం, మూడు రోజులు, లాడ్జిలో బస. ముందు రోజు రాత్రి అక్క వంటింట్లో మూట కడుతూ కారప్పొడి డబ్బా మూత తీసి, చెంచా తిరగేసి గుచ్చి చూసింది. పొడి జలజలా రాలింది. నువ్వుల పొడి డబ్బా తీసింది, అందులో చిన్న ఉండ తగిలింది. ఆ డబ్బా పక్కకు పోయింది. బావ యార్డులో మిషన్ పెట్టి చూసేదాన్ని అక్క ఇంట్లో చెంచాతో చూస్తున్నది.

రెండు చోట్లా చూస్తున్నది నీళ్లనే. గింజలోనో పొడిలోనో ఎంత నీరుందన్నది సగం సంగతి, ఆ నీటిలో సూక్ష్మజీవులకు అందేది ఎంతన్నది అసలు సంగతి. దీన్ని శాస్త్రవేత్తలు జలక్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి 1 అనుకుంటే, వండిన అన్నం దాదాపు అక్కడే ఉంటుంది. 0.91 కంటే దిగువకు వస్తే చాలా బాక్టీరియాలు పెరగలేవు. 0.70 కంటే దిగితే బూజులు కూడా చాలామటుకు చేతులెత్తేస్తాయి. మామిడికాయ తొక్కులో కంటికి కనపడేంత తడి ఉన్నా అది చెడదు, ఎందుకంటే అందులోని ఉప్పు ఆ నీటిని గట్టిగా పట్టుకొని సూక్ష్మజీవికి దక్కనివ్వదు. బెల్లం పాకం చేసేదీ ఇదే. పసుపు దుంపలను ఉడకబెట్టి పది పదిహేను రోజులు ఎండలో పోస్తేనే కొమ్ము గలగలమంటుంది, ఏడాది నిలుస్తుంది.

దూరం పోయి వండుకునే కుటుంబానికి ఇదే మొదటి పాఠం. నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి, వాటిని మూటలో మోయడం దండగ. ఒక కిలో టమాటాల్లో 900 గ్రాములకు పైగా నీళ్లే. అదే కిలో బరువు పెట్టుకొని పేలాలో, అటుకులో, వేయించిన రవ్వో తీసుకుపోతే ఇంటిల్లిపాదికీ రెండు పూటల పొట్ట నిండుతుంది.

భద్రాచలం చేరేసరికి సాయంత్రమైంది. డోర్నకల్ జంక్షన్‌లో దారి మారి, కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో ఇంకో 40 కిలోమీటర్లు. రైల్లో గ్యాస్ సిలిండర్, స్టవ్వు తీసుకుపోవడం నేరం కాబట్టి అక్క కొత్తగా కొన్న ఇండక్షన్ పొయ్యిని చీరల మధ్య చుట్టి తెచ్చింది. లాడ్జి మేనేజరు "కరెంటు పొయ్యి అయితే పెట్టుకోండమ్మా, గ్యాసు మాత్రం వద్దు" అన్నాడు. పిల్లలకు ఆకలి. పొయ్యి బల్ల మీద పెట్టి, కుక్కర్‌లో బియ్యం, పెసరపప్పు, నీళ్లు పోసి పైన పెట్టి బటన్ నొక్కింది.

కుయ్, కుయ్, కుయ్. తెర మీద ఏదో అక్షరం వెలిగి ఆరిపోయింది.

"ఏందే చెల్లె, గిన్నె పెట్టంగనే కూతపెడుతున్నది? కొత్తది, పొద్దుగాలే దుకాణంల చూసి తెచ్చిన."

"కుక్కర్ ఏది అక్కా అది?"

"ఇంట్లదే. పెండ్లికి పెట్టింది."

పెండ్లికి పెట్టింది అంటే ఇరవై ఏళ్ల కిందటి అల్యూమినియం కుక్కర్. అదీ సంగతి. ఇండక్షన్ పొయ్యిలో మంట లేదు, ఎర్రగా కాలే తీగ కూడా లేదు. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది, అందులో కరెంటు సెకనుకు 20,000 సార్లకు పైగా అటూ ఇటూ మారుతుంటుంది. దాంతో పైన అయస్కాంత క్షేత్రం ఊగుతుంది. ఇనుము కలిసిన గిన్నె అడుగు అందులో చిక్కుకుంటే లోపల సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, అడుగే పొయ్యిగా మారి వేడెక్కుతుంది. అల్యూమినియంను అయస్కాంతం అంటదు, పైగా కరెంటుకు అది పెద్దగా అడ్డు చెప్పదు, అడ్డు లేనిచోట వేడి పుట్టదు. పొయ్యి తన మీద గిన్నే లేదనుకొని కూతపెడుతుంది. స్టీలు గిన్నెలన్నీ పనికొస్తాయనుకోవడమూ పొరపాటే. మనం ఇంట్లో వాడే మెరిసే స్టీలులో చాలా రకాలకు అయస్కాంతం అంటుకోదు. ఆ రాత్రి మేం తెచ్చిన నాలుగు గిన్నెల్లో ఒక్క పాల గిన్నె మాత్రమే పనిచేసింది, అదీ రెండు లీటర్లది.

రెండో చిక్కు గోడలో ఉంది. మామూలు గదుల్లో మంచం పక్కన ఉండే సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టులను 6తో గుణిస్తే 1,380 వాట్లు. అంతకు మించి అది మోయకూడదు. ఇండక్షన్ పొయ్యి పూర్తి జోరులో 2,000 వాట్లు లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఒకటిన్నర రెట్లు లాగినా రెండింతలకు పైనే. ప్లగ్గు నల్లబడటం, ప్లాస్టిక్ వాసన రావడం ఇందుకే. పెద్ద పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్‌కు తగిలించే మార్పిడి ముక్క దుకాణాల్లో చవకగా దొరుకుతుంది, నన్నడిగితే అది మూటలో ఉండకూడని వస్తువు. పొయ్యిని 1,200 వాట్ల మీద పెట్టుకుంటే సరి. ఆ జోరులో లీటరు నీళ్లు మరగడానికి 5 నిమిషాలు పడుతుంది, అంతే.

ఆ రాత్రి చివరికి తిన్నది అటుకులు. పాల గిన్నెలో నూనె వేసి పల్లీలు, ఆవాలు, పచ్చిమిరపకాయలు వేయించి, నీళ్లలో ముంచి తీసిన అటుకులు కలిపితే ఎనిమిది నిమిషాల్లో పని అయిపోయింది. పిల్లలు ప్లేట్లు ఖాళీ చేస్తుంటే అక్క కుక్కర్ వంక గుర్రుగా చూస్తూ కూర్చుంది.

అటుకులు ఇంత తొందరగా ఎలా అవుతాయి? అవి అప్పటికే ఉడికి ఉన్నాయి కాబట్టి. బియ్యపు గింజలో పిండిపదార్థం గట్టి రేణువులుగా ఒత్తుకొని ఉంటుంది. నీళ్లు చేరి, రకాన్ని బట్టి 55 నుంచి 79 డిగ్రీల వేడి తగిలితే ఆ రేణువులు ఉబ్బి మెత్తబడతాయి, మనం ఉడకడం అనేది దాన్నే. అటుకులకు వడ్లను నానబెట్టి, వేయించి, వేడిమీదే దంచుతారు. ఉడకడమూ, పలచబడటమూ, ఎండటమూ అక్కడే అయిపోతాయి. ఇంక కావలసింది పోయిన నీటిని తిరిగి ఇవ్వడమే. ఏ కంపెనీ ప్యాకెట్ నూడుల్సూ రాకముందే దంపుడు రోలు దగ్గర తేల్చిన లెక్క ఇది.

పలచబడటానికి ఇంకో పెద్ద లాభం ఉంది. వేడైనా నీరైనా పదార్థం లోపలికి చొచ్చుకుపోవడానికి పట్టే కాలం మందం మీద కాదు, మందం వర్గం మీద ఆధారపడుతుంది. ఆలుగడ్డ ముక్కను సగం మందానికి తరిగితే ఉడికే కాలం సగం కాదు, పావు వంతుకు దగ్గరవుతుంది. రవ్వ గోధుమ కంటే ఎందుకు తొందరగా ఉడుకుతుందో, బద్ద చేసిన పెసరపప్పు నిండు పెసర్ల కంటే ఎందుకు ముందుంటుందో ఇందులో ఉంది. చెట్ల కింద పొయ్యి పెట్టినప్పుడు కత్తిపీట దగ్గర ఖర్చుచేసే అయిదు నిమిషాలు పొయ్యి దగ్గర పదిహేను నిమిషాలు మిగులుస్తాయి.

బియ్యం అరగంట నానబెట్టమనేదీ ఇదే లెక్క. ఆ అరగంటలో గింజ తన బరువులో నాలుగోవంతు దాకా నీరు తాగుతుంది. నీరు నడుమకు చేరడానికి పట్టే సమయం పొయ్యి మీద కాకుండా బల్ల మీద గడిచిపోతుంది. గుడికి పోయేముందు నానబెట్టి పోతే వచ్చేసరికి సగం పని అయినట్టే.

పప్పు మాత్రం వేరే పేచీ పెడుతుంది. "ఈ నీళ్లకు పప్పు ఉడకది" అని మా ఊళ్లలో బోరు నీళ్లను తిట్టడం వింటూనే ఉంటాం. తిట్టడంలో న్యాయముంది. పప్పు గింజ కణాలను అతికిపెట్టి ఉంచే జిగురు పెక్టిన్. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ జిగురును ఇంకా బిగిస్తాయి. చింతపండు, టమాటా పులుపు కూడా అది కరగకుండా ఆపుతుంది. అందుకే పులుపు పప్పు ఉడికాక వేయాలి. కొత్త ఊళ్లో నీళ్లెట్లాంటివో తెలియదు కాబట్టి మూటలో కందిపప్పుకు బదులు పెసరపప్పు పెట్టుకోవడం మేలు. తొందర కోసం సోడా ఉప్పు వేసేవాళ్లున్నారు. పప్పు మెత్తబడే మాట నిజమే గాని, బీ1 విటమిన్ నాశనమవుతుంది, సబ్బు వాసన వేస్తుంది. అంతకంటే గంట ముందు నానబెట్టడం నయం.

మర్నాడు పొద్దున అక్క బజారుకు పోయి అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ ఒకటి కొనుక్కొచ్చింది. పొయ్యికి పెట్టిన డబ్బుకు ఇది తోడైందని బావ గొణిగాడు. లెక్క వేద్దామని కాగితం తీశాం. హోటల్‌లో భోజనం 120 రూపాయలనుకుంటే ఏడుగురికి పూటకు 840. అదే ముప్పావు కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు, మూడు లీటర్ల నీళ్లు పోసి కిచిడీ వండితే, ఆ మొత్తాన్ని 30 డిగ్రీల నుంచి మరిగించడానికి సుమారు 1,000 కిలోజూళ్ల వేడి కావాలి. ఇండక్షన్ పొయ్యి తాను తాగే కరెంటులో దాదాపు 85 శాతాన్ని గిన్నెకు చేరుస్తుంది కాబట్టి ఖర్చయ్యేది యూనిట్‌లో మూడో వంతు, విజిల్స్ దాకా కలుపుకున్నా అర యూనిట్ లోపే. యూనిట్ 10 రూపాయలనుకున్నా కరెంటు ఖర్చు 5 రూపాయలు దాటదు. బియ్యం, పప్పు, నెయ్యి, తొక్కు అన్నీ కలిపినా ఒక మనిషి హోటల్ భోజనం ఖరీదు దరిదాపుల్లోనే ఆగుతుంది. బావ ఇంకేం గొణగలేదు.

కుక్కర్ చేసే పని చిన్నది, ఫలితం పెద్దది. తెరిచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు, మంట ఎంత పెంచినా అంతే. మూత బిగించి ఆవిరిని ఆపితే ఒత్తిడి రెట్టింపై నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం రెండింతలవుతుందని మోటు లెక్క ఒకటి ఉంది. ఆ ప్రకారం 20 డిగ్రీలకు నాలుగింతలు. దీన్ని మొదట చేసి చూపింది డెనీ పాపాన్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త, 1679లో, లండన్‌లో. ఎముకలను కూడా మెత్తబరిచే ఆ పాత్ర పేలిపోకుండా దానికొక రక్షక కవాటం కూడా పెట్టాడు. మనం విజిల్ అనే దానికి ముత్తాత అది. ప్రయాణాలకు పనికొచ్చే, మన దేశంలోనే పుట్టిన పాత్ర ఒకటుంది, ఎందుకో దాన్ని మరిచిపోయాం. 1910లో ఇందుమాధవ్ మల్లిక్ అనే బెంగాలీ డాక్టరు ఇక్‌మిక్ కుక్కర్ తయారుచేశాడు. టిఫిన్ క్యారియర్ లాంటి గిన్నెల దొంతర, దాని చుట్టూ డబ్బా, అడుగున కాసిని బొగ్గులు. ఒక గిన్నెలో బియ్యం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూర పెట్టి వదిలేసి పోతే కొన్ని గంటల్లో ఆవిరికి అన్నీ ఉడికి ఉండేవి.

మేడారం సంగతి వేరే. అక్కడ గోడా లేదు, సాకెట్టూ లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతరకు మా వైపు ఇంటికో ట్రాక్టరు కదులుతుంది, అంతకుముందు ఎడ్లబండ్లు కదిలేవి. మొన్న 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. జంపన్నవాగు పొడుగునా, చెట్ల కింద, చీరలు పరదాలుగా కట్టుకొని, మూడు రాళ్ల మీద లక్షల వంటలు. తెలంగాణలో ఇంతకంటే పెద్ద ఆరుబయలు వంటిల్లు నేనెరగను.

మూడు రాళ్ల పొయ్యి చూడటానికి ఎంత అందమో లెక్కకు అంత దండగమారి. కట్టెలో ఉన్న శక్తిలో గిన్నెకు చేరేది 10 నుంచి 15 శాతమే, మిగతాది గాలికీ, పొగకూ, రాళ్లకూ. లీటరు నీళ్లు మరగడానికి నిజంగా కావలసిన వేడి 293 కిలోజూళ్లు, దానికోసం 150 గ్రాముల ఎండుకట్టె కాల్చాలి. ఎండుకట్టె అన్నాను. ఇక్కడ మళ్లీ యార్డులో మిషన్ గుర్తుకు రావాలి. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా కట్టె తన మంటలో కొంత తనకే ఖర్చు పెట్టుకుంటుంది. మంట చల్లబడితే కాలకుండా మిగిలిన వాయువులు పొగై కళ్లలో పడతాయి. ఇంటి చూరు కింద ఏడాది ఎండిన కట్టెను ట్రాక్టర్లో వేసుకొని పోయే ముసలమ్మలను చూసి మనవళ్లు నవ్వుతారు, అడవికి కట్టెలు మోసుకుపోతున్నావా అని. ఆ అడవి అభయారణ్యం, అందులో చెట్టు నరకకూడదు, నరికినా ఆ పచ్చికట్టె రాజదు.

ఎసరు మరిగాక చేసే తప్పు ఇంకా పెద్దది. లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి 293 కిలోజూళ్లయితే, ఆ మరిగే నీటిని ఆవిరిగా పంపించడానికి 2,257 కావాలి, దాదాపు ఎనిమిదింతలు. గిన్నె తెర్లుతున్నా భగభగ మంట పెడితే అన్నం తొందరగా ఉడకదు, మనం కట్టెలతో మేఘాలు తయారుచేస్తుంటాం. అన్నం ఉడికేది నీటి వేడికి, నీటి గంతులకు కాదు. మరిగిందంటే రెండు కట్టెలు బయటికి లాగి మూత పెట్టాలి. ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు. ఎసరులో బియ్యం అయిదారు నిమిషాలు మరిగాక, సగం ఉడికిన గిన్నెను మూతతో సహా దుప్పట్లో చుట్టి గడ్డిలో పెడితే మిగతా సగం అదే ఉడుకుతుంది. ఉడకడానికి 80 డిగ్రీలు కూడా అక్కర్లేదని పైన చూశాం. ప్రపంచ యుద్ధాల కాలంలో యూరప్ ఇళ్లల్లో గడ్డి పెట్టెలు పెట్టి ఇట్లాగే పొదుపు చేశారు. పెద్ద గిన్నె అయితే మంచిది, చిన్న గిన్నె తొందరగా చల్లబడుతుంది.

ఏ పొయ్యి అయినా, ఒకే గిన్నె ఉన్నా అయ్యే వంట మా దగ్గర ఒకటుంది. దాని పేరులోనే గిన్నె ఉంది. సర్వ అంటే లోతైన పాత్ర, అందులో అదిమి కాల్చేది సర్వపిండి. కొన్ని ఊళ్లలో గిన్నప్ప అంటారు, కొన్ని ఊళ్లలో తపాలచెక్క. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లిపాయ, కారం, ఉప్పు వేసి గోరువెచ్చని నీళ్లతో కలిపి, నూనె రాసిన సర్వ లోపలి గోడకు వేళ్లతో పలచగా అద్దుతారు. నాలుగైదు చోట్ల వేలితో బొక్కలు పొడిచి చుక్క చుక్క నూనె పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచుతారు. తిరగెయ్యరు.

తిరగెయ్యకుండా రెండు వైపులా ఎట్లా కాలుతుంది? ఇక్కడ ఒకే పాత్రలో రెండు వంటలు జరుగుతున్నాయి. అడుగున నూనె పొర పాత్ర వేడిని నేరుగా పిండికి అందిస్తుంది. అక్కడి నీరు ఇగిరిపోయి వేడి 140 డిగ్రీలు దాటగానే మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఎర్రటి రంగునూ ఆ వాసననూ పుట్టిస్తాయి. పైన మూత కింద మాత్రం పిండి నుంచి వచ్చిన ఆవిరే తిరుగుతుంటుంది. అది 100 డిగ్రీలు దాటదు, అందుకే పైభాగం ఇడ్లీలా మెత్తగా ఉడుకుతుంది. కింద కరకర, పైన మెత్తన. బొక్కలు అందం కోసం కాదు. ఆవిరికి దారి, నూనెకు దారి, పైగా పిండిలో ఏ చోటైనా అంచుకు దూరం తగ్గుతుంది. మందం వర్గం లెక్క మళ్లీ ఇక్కడ. తిండి విలువకు కూడా సర్వపిండి తక్కువది కాదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ నువ్వుల్లో దండిగా ఉంది.

దీనికి ఒకే ఒక ఇబ్బంది. ఒకటి కాలాక సర్వ చల్లబడితే గాని రెండోది అద్దలేం, వేళ్లు కాలతాయి. ఇంట్లో రెండు సర్వలు మార్చి మార్చి వాడతారు. లాడ్జిలో పాల గిన్నెనే సర్వగా వాడిన అక్క చేసిన ఉపాయం బాగుంది. స్నానాల గదిలో కుళాయి కింద దాన్ని బోర్లించి పట్టుకుంటే బుస్సుమని ఆవిరి లేచి అర నిమిషంలో చల్లబడేది. ఏడుగురికి ఏడు పిండ్లు, గంటన్నర. మొదటిది తిన్నవాడికి ఏడోది కాలేసరికి మళ్లీ ఆకలేసింది.

కలిపి కట్టుకుపోయే అన్నం విషయంలో మాత్రం కొంచెం భయం ఉండాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా మట్టిలో, అక్కడి నుంచి బియ్యంలో ఉంటుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. వండిన అన్నాన్ని 5 నుంచి 60 డిగ్రీల మధ్య, అంటే గది వాతావరణంలో, గంటల తరబడి వదిలేస్తే ఆ బీజాలు మేల్కొని విషం తయారుచేస్తాయి. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. ఆ విషం కాచినా పోదు, కుక్కర్ వేడికి కూడా లొంగదు. రాత్రి మిగిలిన తెల్లన్నాన్ని పొద్దున పోపు పెట్టి పిల్లలకు పెట్టడంలో ప్రమాదం ఇదే. ఎండాకాలం లాడ్జి గదిలో రెండు గంటలు దాటిన అన్నాన్ని నమ్మొద్దు.

మరి మన పెద్దవాళ్లు సద్ది కట్టుకొని రోజంతా తిరిగేవారు కదా. సద్దుల బతుకమ్మ నాడు చేసే సద్దులు గుర్తు తెచ్చుకోండి. చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది. పులుపే కాపలా. పులుపు కొలిచే పీహెచ్ అంకె 4.5 దరిదాపులకు దిగితే ఈ బాక్టీరియా పెరుగుదల కుంటుపడుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఆ పని చేస్తాయి. షరతు ఒక్కటే, పులుపు ప్రతి మెతుకుకూ అంటాలి. పులిహోరలో తెల్లగా మిగిలిపోయిన ముద్ద మామూలు అన్నమే, దానికి కాపలా లేదు. మా ఇంట్లో పసుపును అన్నంలో కాకుండా చింతపండు పులుసులోనే వేసి ఉడికిస్తారు. ఎందుకో చాలాకాలం నాకు తెలియలేదు. పులుసు ఎక్కడిదాకా చేరిందో పచ్చరంగు చెప్పేస్తుంది, కలిపేవాళ్లు రంగు చూసి ఆగుతారు. ఆ పసుపు పులుపులో పచ్చగానే ఉంటుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి అట్లాగే కదా వచ్చేది. చీర మీద పులిహోర మరకను సబ్బుతో రుద్దితే ఎర్రబడటం కూడా అదే.

చలికాలంలో జాతరకు పోయి గది అద్దెకు తీసుకున్నవాళ్లకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. వంటయ్యాక బొగ్గులు కణకణలాడుతున్నాయని వెచ్చదనం కోసం కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూసుకోవద్దు. సగం కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. చిన్న సిలిండరైనా ఆరుబయటే వాడాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే పైకి పోదు, నేల మీద మంచాల కింద పరుచుకుంటుంది.

మూడో రోజు పొద్దున గది ఖాళీ చేసేముందు అక్క ఉప్మా చేసింది. రవ్వ ఇంట్లోనే వేయించి తెచ్చింది, పోపు కూడా నూనెలో వేయించి ఎండుగా డబ్బాలో వేసుకొచ్చింది. నీళ్లు మరిగించి రెండూ పోసి కలిపి మూత పెట్టింది. ఏడు నిమిషాలు. అంటిన గిన్నె ఒక్కటే. మిగిలిన రవ్వ, కారప్పొడి, అటుకులు మూటలో పడ్డాయి, వాటికి తిరుగు ప్రయాణంలోనూ ఏమీ కాదు. కొనుక్కొచ్చిన టమాటాలు రెండు మెత్తబడితే బయట కోతులకు వేసింది.

ఊరికి వచ్చిన వారానికి అక్క ఫోన్ చేసి కేసముద్రంలో గిన్నెల దుకాణానికి పోతున్నా, తోడు రమ్మంది. కొత్త సర్వ కావాలట, ఇండక్షన్ మీదికి. దుకాణంలో కూర్చోగానే సంచిలోంచి ఫ్రిజ్ మీది బొమ్మ తీసింది, వెనకాల అయస్కాంతం ఉండే ప్లాస్టిక్ మామిడిపండు. ఒక్కొక్క సర్వ తిరగేసి అడుగుకు ఆనించి చూస్తుంటే దుకాణం ఆయన బిత్తరపోయి చూశాడు.

"అమ్మా, అన్ని స్టీలువే. ఏం చూస్తున్నవు?"

"స్టీలే అన్నా. కానీ మక్కలన్నీ మక్కలేనాయె, మరి మీరు మిషన్ పెట్టకుంట కొంటరా?"

ఆయనకు యార్డులో కమీషన్ దుకాణం కూడా ఉంది. నవ్వి, లోపలి అర నుంచి ఇంకో నాలుగు సర్వలు తెప్పించాడు. మూడోదానికి మామిడిపండు టక్కున అతుక్కుంది.